బందరులో రెండు రాత్రులు: బస, భోజనం, బజారు

బందరు (మచిలీపట్నం) వెళ్లాలనుకునేవాళ్లకు ముందుగా ఒక మాట చెప్పాలి. ఊళ్లో దిగితే సముద్రం కనపడదు, అలల చప్పుడు వినపడదు. మంగినపూడి బీచ్ ఊరికి దాదాపు 11 కిలోమీటర్ల దూరం. గది ఎక్కడ తీసుకోవాలి, ఏ పూట ఎక్కడ తినాలి, ఏది ఎక్కడ కొనాలి అన్నవన్నీ ఈ ఒక్క సంగతి మీదే ఆధారపడి ఉంటాయి. మేం గది సరిగ్గా చూసుకోకుండా అడ్వాన్సు కట్టి మొదటి పూటంతా పోగొట్టుకున్నాం. ఆ తర్వాత గడిచిన కాలం మాత్రం ఎంత బాగుందంటే, మళ్లీ వెళ్లేటప్పుడు ఏం చేయాలో, ఏం చేయకూడదో తిరుగు ప్రయాణంలోనే బస్సులో కూర్చుని రాసుకున్నాను.

మేం అంటే నేను, మా అత్తయ్య, పన్నెండేళ్ల మా అమ్మాయి. మా వారికి సెలవు దొరకలేదు. జనవరి చివర్లో ఒక శుక్రవారం రాత్రి హైదరాబాదులో రైలెక్కి శనివారం పొద్దున్నే దిగాం. అత్తయ్య పుట్టిల్లు నాగాయలంక దగ్గర. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు ఆవిడకి ఇప్పటి మా అమ్మాయి వయసే. పెళ్లయి తెలంగాణ వైపు వచ్చేశాక మళ్లీ సముద్రం ముఖం చూడలేదు. "ఒక్కసారి చూసొద్దామే, పిల్లకి కూడా చూపిద్దాం" అని ఈ సంక్రాంతికి ఆవిడే అన్నారు. వెంటనే ఒక షరతు కూడా పెట్టారు: "ఒడ్డున మాత్రం పడుకోను. రాత్రి ఊళ్లోనే ఉండాలి." బీచ్ దగ్గర గది కోసం వెతుకుతున్న నేను ఆ మాటతో ఆపేశాను. వెళ్లి చూశాక ఆవిడ చెప్పిందే అందరికీ మంచిదనిపించింది. చీకటి పడ్డాక బీచ్ వైపు తినడానికి, తిరగడానికి పెద్దగా ఏమీ ఉండదు. కొనే వస్తువులన్నీ ఊళ్లోనే ఉన్నాయి.

ముందు బస గురించి. మొదట మేం దిగింది బస్టాండు దగ్గరి ఒక లాడ్జిలో. పేరు రాయను. ఫోన్‌లో మాట్లాడినప్పుడు "24 గంటల లెక్కమ్మా, ఎప్పుడొచ్చినా గది ఇస్తాం" అన్నారు, అడ్వాన్సు ఐదు వందలు వేయించుకున్నారు. పొద్దున్న ఏడింటికి బ్యాగులతో వెళ్లి నిలబడితే, పన్నెండు దాటాకే గది అన్నారు. కౌంటర్ దగ్గరి అబ్బాయి "మగవాళ్లు ఎవరూ రాలేదా మేడమ్?" అని మూడుసార్లు అడిగాడు. మొదటిసారి మామూలుగా జవాబు చెప్పాను. మూడోసారి అడిగినప్పుడు అత్తయ్య ముఖం చిన్నబోయింది, నాకు ఒళ్లు మండింది. ముగ్గురు ఆడవాళ్లం ఆధార్ కార్డులు పట్టుకుని నిలబడితే ఇంకెవరు రావాలి? చివరికి తొమ్మిదింటికి తాళం ఇచ్చారు. గోడ సగం దాకా తేమ, కిటికీకి దోమల జాలీ లేదు, గీజరు స్విచ్చు వేస్తే దీపం వెలగలేదు. వీటన్నిటికీ సర్దుకునేదాన్నే. బాత్రూమ్ తలుపుకి లోపల గడియ లేదు. అది చూశాక ఇక ఒక్క నిమిషం కూడా ఉండాలనిపించలేదు. అడ్వాన్సు తిరిగివ్వలేదు, వదిలేసుకుని బయటికి వచ్చేశాం.

ఆటో అతను, యాభై దాటిన మనిషి, మా ముఖాలు చూసే సంగతి గ్రహించాడు. "కోనేరు సెంటర్ వైపు తీసుకెళ్తానమ్మా, ముందు గది చూడండి, నచ్చితేనే డబ్బులివ్వండి" అన్నాడు. ఆ మాట విన్నందుకు రెండు రాత్రులూ హాయిగా నిద్రపోయాం. సెంటర్ నుంచి పక్క వీధిలోకి తిరిగితే వచ్చే పాత లాడ్జి అది. లిఫ్టు లేదు, అందుకని అత్తయ్య మోకాళ్ల కోసం మొదటి అంతస్తు అడిగి తీసుకున్నాను. ఏసీ గది 1,600 రూపాయలు, అదనపు పరుపుకి మూడు వందలు. ఫ్యాన్సీ ఏమీ ఉండదు. దుప్పట్లు మాత్రం ఉతికి ఇస్త్రీ చేసినవి, మడత కూడా విప్పలేదు. కిటికీకి జాలీ ఉంది, తలుపుకి పైనా కిందా రెండు గడియలున్నాయి. గీజరు నీళ్లు పొద్దున్న ఐదు నుంచీ వచ్చాయి. నాకు బాగా నచ్చింది ఇంకొకటి ఉంది: గది ఊడ్చే ఆవిడ, అత్తయ్య నడక చూసి, అడగకుండానే బాత్రూమ్‌లో ఒక ప్లాస్టిక్ స్టూలు తెచ్చి పెట్టింది. పెద్దవాళ్లతో ప్రయాణం చేసేవాళ్లకి ఆ స్టూలు విలువ తెలుస్తుంది. లోపం చెప్పాలంటే, కుళాయి నీళ్లు కాస్త ఉప్పగా ఉన్నాయి, తలస్నానం చేస్తే జుట్టు పీచులా అయింది. తాగడానికి క్యాన్ నీళ్లు పెట్టారు. ఆ వీధుల్లో ఇలాంటి లాడ్జీలు ఇంకా కనిపించాయి. ఏది తీసుకున్నా గడియలు, జాలీ, గీజరు మీ చేత్తో మీరు తడిమి చూసుకున్నాకే డబ్బు కట్టండి. పెద్దవాళ్లందరి ఆధార్ కార్డులూ దగ్గర పెట్టుకోండి, ఒక్కరిది చూపిస్తే ఒప్పుకోలేదు.

కోనేరు సెంటర్‌లో ఉండటం వల్ల తిండికి వెతుక్కునే పని తప్పింది. పొద్దున్నే ఒక చిన్న టిఫిన్ హోటల్లో పెసరట్టు తిన్నాం. అల్లం, పచ్చిమిర్చి పైన చల్లి, అంచులు కరకరలాడేలా కాల్చి, అరటాకు ముక్క మీద పెట్టిచ్చాడు. హైదరాబాదులో పెసరట్టు అంటే మా అమ్మాయి ముఖం తిప్పుకుంటుంది. ఇక్కడ రెండోది తనే అడిగింది. రుబ్బిన పిండి కాస్త బరకగా ఉంది, దానివల్లే ఆ రుచి. మధ్యాహ్నం భోజనం ఒక మెస్సులో, ఫుల్ మీల్స్ 120 రూపాయలు: ముద్దపప్పు, ఆవకాయ, దోసకాయ పచ్చడి, గోంగూర, రెండు కూరలు, గడ్డ పెరుగు. వడ్డించే పెద్దాయన "ఇంకాస్త వేయమంటారా అమ్మా?" అని అడిగి వేశాడు తప్ప విసుక్కోలేదు. ఒకటిన్నర దాటితే కూరలు తగ్గిపోతాయి, పన్నెండున్నరకల్లా వెళ్లడం మంచిది.

చేపల విషయంలో మాత్రం కాస్త జాగ్రత్త పడాలి. ఆదివారం మధ్యాహ్నం మాంసాహార హోటల్‌కి వెళ్లాం. లోపలికి వెళ్లగానే అత్తయ్య అడిగిన మొదటి ప్రశ్న: "బాబూ, చందువ సముద్రానిదేనా? పొద్దుటిదేనా?" అతను నవ్వి, ఒక పళ్లెంలో పచ్చి చేప తెచ్చి చూపించాడు. అత్తయ్య మొప్ప ఎత్తి చూశారు, లోపల ఎర్రగా ఉంది. వేలితో నొక్కితే సొట్ట పడకుండా మళ్లీ పైకి లేచింది. "ఇది వేయించు" అన్నారు. ఆవిడ అలా పెత్తనం చేయడం నేను చూసి చాలా ఏళ్లయింది. వేపుడుకి కారం, పసుపు, ఉప్పు, అల్లం వెల్లుల్లి తప్ప ఇంకేమీ వేయలేదు, చేప రుచి చేపకే ఉంది. పులుసు చింతపండు ఎక్కువై నాకు నచ్చలేదు. రొయ్యల ఇగురు బాగుంది, కానీ అది చెరువు రొయ్య, హోటలు వాళ్లే చెప్పారు. కృష్ణా జిల్లాలో చెరువుల పెంపకం ఎక్కువ కాబట్టి అందులో తప్పేమీ లేదు, అడిగితే నిజం చెప్పారా లేదా అన్నదే ముఖ్యం. ధర మాత్రం ముక్కకా, పళ్లేనికా, బరువు మీదా అన్నది ఆర్డరు ఇచ్చేముందే తేల్చుకోండి. పక్క టేబుల్ వాళ్లు అడక్కుండా పెద్ద వంజరం చెప్పి, బిల్లు దగ్గర గొడవ పడటం కళ్లారా చూశాం.

ఇంకో సంగతి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరబోట్ల వేటకి నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఆ నిబంధన. పిల్లల వేసవి సెలవులు కూడా సరిగ్గా అప్పుడే వస్తాయి. సముద్రపు చేప తినాలనే ఆశతో మే నెలలో వెళ్తే నిరాశపడతారు. కార్తీక మాసంలో వెళ్తే ఇంకో రకం ఇబ్బంది: పౌర్ణమికి సముద్ర స్నానాలకి వచ్చే జనంతో మంగినపూడి కిక్కిరిసిపోతుంది, గదులు దొరకవు. తినడానికీ తిరగడానికీ జనవరి, ఫిబ్రవరి బాగుంటాయి.

ఇక బజారు. బందరు అనగానే అందరూ లడ్డూ అంటారు. 2017లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఇంతకాలం హైదరాబాదులో డబ్బాలో దొరికే లడ్డూ తిని ఇదే బందరు లడ్డూ అనుకున్నాను. దుకాణం వెనక వంటశాల తలుపు తీసి ఉంటే, "చూడొచ్చా?" అని అడిగాను. "చెప్పులు విడిచి రండమ్మా" అన్నారు. లోపల ముందు సెనగపిండి కలిపి, జంతికల్లా మరిగే నూనెలోకి వత్తుతున్నారు. ఆ పూసని రోట్లో వేసి దంచి పొడి చేస్తారు, జల్లెడ పడతారు. ఆ పొడిలో బెల్లం పాకం పోసి, నెయ్యి పోస్తూ మళ్లీ దంచుతారు. ఆ దంచడం దగ్గరే నేను పావుగంట నిలబడిపోయాను. ఒకతను నిలువెత్తు రోకలి ఎత్తి వేస్తుంటే, ఇంకొకతను ప్రతి పోటుకీ మధ్య చెయ్యి పెట్టి ముద్దని లోపలికి తోస్తున్నాడు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. రోకలి లేచినప్పుడు చెయ్యి లోపలికి, చెయ్యి బయటికొచ్చినప్పుడు రోకలి కిందకి, ఒక్క పోటు కూడా తప్పలేదు. ముద్ద మొదట పొడిపొడిగా ఉండి, నెమ్మదిగా మెరుపెక్కి, చివరికి రోలు అంచు వదిలి ఒక్క ఉండలా కదిలింది. అందుకే దీన్ని తొక్కుడు లడ్డూ అంటారు. తర్వాత యాలకుల పొడి, జీడిపప్పు కలిపి చేత్తో చుట్టారు. వేడి తగ్గకముందే ఒకటి మా అమ్మాయి చేతిలో పెట్టారు. పళ్లకి అంటుకోలేదు, కొరకాల్సిన అవసరమే లేదు, నాలుక మీద దానంతటదే విడిపోయింది.

కొనేటప్పుడు "నేతివా, డాల్డావా?" అని ఒక్క మాట అడగండి. ఒకే దుకాణంలో రెండూ ఉంటాయి, రెండు ధరలు ఉంటాయి, చూడటానికి ఒకేలా ఉంటాయి. నేతివి కిలో ఆరు వందలు చెప్పారు, తీసుకున్నాం. కాగితం మీద పెడితే నెయ్యి మరక పడాలి, కానీ తడిసిపోకూడదు. చల్లటి డాల్డా లడ్డూ తిన్నాక అంగిట్లో మైనంలా పొర మిగులుతుంది, నేతిదానికి అది ఉండదు. పదిహేను రోజులు నిలవ ఉంటాయన్నారు. మా ఇంట్లో వారం దాటలేదు కాబట్టి దాని గురించి నేను మాటివ్వలేను. నల్ల హల్వా కూడా తప్పకుండా కొనండి. గోధుమలు నానబెట్టి తీసిన పాలతో, బెల్లంతో, గంటల తరబడి కలియబెట్టి చేస్తారు. లడ్డూకి ఉన్నంత పేరు దానికి లేదు గానీ నాకు హల్వానే ఎక్కువ నచ్చింది. వేలితో నొక్కితే సాగి మళ్లీ దగ్గరికొస్తుంది. పావు కిలో చాలనుకున్నాను, స్టేషన్ దాకా వెళ్లేలోపు ఇంకో అరకిలో కోసం మనిషిని వెనక్కి పంపిన వాళ్లని అక్కడే చూశాను.

కలంకారీ కోసం ఊళ్లో దుకాణాల్లో తిరగొద్దు. పెడన వెళ్లండి. బందరు నుంచి పది కిలోమీటర్లు, గుడివాడ వెళ్లే దారిలోనే, రైలు కూడా ఆగుతుంది. మేం శనివారం మధ్యాహ్నం ఆటోలో వెళ్లాం. ఒక షెడ్డులో పొడవాటి బల్లల మీద గుడ్డ పరిచి, నలుగురు వరుసగా అచ్చులు వేస్తున్నారు. టేకు చెక్క అచ్చు, దాన్ని రంగు పళ్లెంలో ఒకసారి ఒత్తి, గుడ్డ మీద పెట్టి, పిడికిలితో పైన ఒక్క దెబ్బ. ధబ్ మని చప్పుడు. పక్కకి జరిపి, ముందు వేసిన గీత అంచుకి ఆనించి మళ్లీ ధబ్. ఆ ఆనించే చోట కొలబద్ద లేదు, గుర్తు లేదు, కన్ను ఒక్కటే. అక్కడి పెద్దావిడ ఓపికగా చెప్పింది: ముందు గుడ్డని కరక్కాయ నీళ్లలో ముంచి ఆరబెడతారు, అందుకే ఆ లేత పసుపు. నలుపు కోసం ఇనుప తుక్కు, బెల్లం నీళ్లలో రోజుల తరబడి ఊరబెడతారు. ఆ నీళ్లు కరక్కాయ పట్టిన గుడ్డ మీద పడితేనే నల్లగా తిరుగుతాయి. ఎరుపు రావాల్సిన చోట పటిక నీళ్లతో అచ్చు వేస్తారు, అప్పుడది ఎర్రగా కనపడదు. పారే నీళ్లలో ఉతికి, రాగి గంగాళంలో రంగుతో ఉడకబెట్టాక, పటిక పడ్డ చోటు మాత్రమే ఎర్రబడుతుంది. మా అమ్మాయికి ఇది సైన్సు పాఠం కన్నా బాగా ఎక్కింది.

అక్కడే నా చేతిలో రెండు గుడ్డలు పెట్టి "ఏది అచ్చు, ఏది స్క్రీను?" అని అడిగిందా పెద్దావిడ. నేను తప్పు చెప్పాను. ఆవిడ చూపించిన తేడా ఇది. అచ్చు గుడ్డని తిరగేస్తే వెనక కూడా రంగు కనిపిస్తుంది, స్క్రీను ముద్రణకి వెనక వైపు వెలవెలబోతుంది. అచ్చు పని మీద రెండు అచ్చులు కలిసే చోట ఎక్కడో ఒకచోట వెంట్రుకవాసి తేడా ఉంటుంది, ఒక పువ్వు ముదురుగా, పక్క పువ్వు కాస్త లేతగా ఉంటుంది. స్క్రీనులో పది మీటర్లు చూసినా అన్ని పువ్వులూ ఒక్కలాగే. ముక్కు దగ్గర పెట్టుకుంటే అచ్చు గుడ్డకి కరక్కాయ వగరు వాసన వస్తుంది. పెడనలో కూడా స్క్రీను ముద్రణ అమ్మే చోట్లు ఉన్నాయి, ధర సగం ఉంటుంది. స్క్రీనుదని చెప్పి అమ్మితే ఎవరి ఇష్టం వాళ్లది. చేతి అచ్చు అని చెప్పి అమ్మడం మాత్రం, ఆ షెడ్డులో పిడికిళ్లు కాయలు కాచిన వాళ్ల నోటి దగ్గర కూడు తీయడమే. శనివారం రాత్రి కోనేరు సెంటర్‌లో ఒక దుకాణం అతను నాకు అచ్చు పని అని చెప్పి చూపించిన దుప్పటిని తిరగేశాను. వెనక తెల్లగా ఉంది. మాట్లాడకుండా మడిచి ఇచ్చేశాను.

పెడన షెడ్డులో రెండు దుప్పట్లు, ఒక చీర, కుర్తాలకి ఆరు మీటర్ల గుడ్డ తీసుకున్నాం. అంతా కలిపి ఐదు వేల లోపే అయింది. బేరం ఆడలేదు, ఆ పని చూశాక ఆడాలనిపించలేదు. మొదటి ఉతుకు విడిగా, చల్లటి నీళ్లలో, నీడన ఆరేయమన్నారు. అలాగే చేశాను, రంగు కాస్త దిగింది, తర్వాత నిలబడింది. వర్షాకాలంలో వెళ్తే అచ్చు పని చూడటం కష్టం, గుడ్డ ఆరాలంటే ఎండ కావాలి. ఆదివారం చాలా షెడ్లు మూసి ఉంటాయని వాళ్లే చెప్పారు.

చిలకలపూడి నగల గురించి తక్కువే రాస్తాను, నాకు నగల మీద అంత మోజు లేదు. ఆదివారం సాయంత్రం చిలకలపూడిలోని పాండురంగస్వామి గుడికి వెళ్లాం. అక్కడ భక్తులు స్వామి పాదాల్ని చేత్తో తాకి దణ్ణం పెట్టుకోవచ్చు. అత్తయ్య చాలాసేపు తల పైకెత్తలేదు. అటునుంచి వస్తూ రోల్డ్ గోల్డ్ దుకాణంలో గాజులు, మా అమ్మాయికి జుంకాలు తీసుకున్నాం. రాగి, ఇత్తడి మీద బంగారు పూత అది, దేశంలో చాలా చోట్లకి ఇక్కడినుంచి వెళ్తాయి. పూత ఎన్నాళ్లు నిలుస్తుందో దుకాణం వాళ్లు రాసిస్తారా అని అడగండి. మాకు ఆరు నెలలకి బిల్లు మీద రాసిచ్చారు, పూత పోతే మళ్లీ వేసిస్తామన్నారు. సెంటు, సబ్బు తగలనివ్వకుండా, దూదిలో చుట్టి పెట్టుకోవాలి.

డబ్బు చెల్లింపుల సంగతి: పెసరట్టు హోటల్ నుంచి నగల దుకాణం దాకా అందరూ ఫోన్ పే తీసుకున్నారు, ఆటోలకి మాత్రం చిల్లర పెట్టుకోండి. అన్నట్టు, ఆంధ్రా బ్యాంకు పుట్టింది ఈ ఊళ్లోనే, 1923లో, భోగరాజు పట్టాభి సీతారామయ్యగారి చేతుల మీదుగా. మా నాన్నగారి జీతం జీవితాంతం ఆ బ్యాంకులోనే పడింది. 2020లో యూనియన్ బ్యాంకులో కలిసిపోయినా ఆయన ఇప్పటికీ పాత పాస్‌బుక్కు పారేయలేదు.

సముద్రం దగ్గరికి ఆదివారం తెల్లవారుజామున వెళ్లాం. అదే ఆటో అతన్ని మాట్లాడుకున్నాం, రాను పోను, రెండు గంటలు ఆగడానికి ఆరు వందలు. ఐదున్నరకి బయల్దేరితే సూర్యోదయానికి అందుతాం. మంగినపూడి ఇసుక విశాఖలోలాగా పసుపుపచ్చగా ఉండదు, నల్లగా ఉంటుంది, నీళ్లలోకి నాలుగడుగులు వేస్తే కింద బంకమట్టి తగులుతుంది. లోతు తక్కువ, అలలు చిన్నవి. అలాగని పిల్లల్ని వదిలేయకండి, మోకాలి లోతు దాటనివ్వకండి. ముదురు రంగు బట్టలు వేసుకోండి, ఆ మట్టి మరక వదలడానికి నాకు మూడు ఉతుకులు పట్టాయి. ఒడ్డున ఒక బడ్డీలో మంచినీళ్ల సీసా మీద ఇరవై అని ఉంటే ముప్పై అడిగారు. ముద్రించిన ధర కన్నా ఎక్కువ తీసుకోకూడదని చెబితే ఇరవైకే ఇచ్చారు, కానీ చెప్పాల్సి వచ్చింది. ఒళ్లు కడుక్కోవడానికి బకెట్టు మంచినీళ్లు ఇరవై, బట్టలు మార్చుకునే చోటుకి చుట్టూ పరదా తప్ప తలుపు లేదు. ఆడవాళ్లు, మార్చుకోవడానికి ఊళ్లో గదికి వెళ్లిపోవడమే నయం. ఆటోలో సీటు మీద పరుచుకోవడానికి పాత దుప్పటి తీసుకెళ్లండి.

అత్తయ్య మొదట ఆటో దిగలేదు. మా అమ్మాయి వెళ్లి "నాన్నమ్మా, రా" అని చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ నడుచుకుంటూ వెళ్లి, తడి మొదలైన చోట ఆగారు. ఒక అల వచ్చి ఆవిడ పాదాల మీద నుంచి వెనక్కి వెళ్లింది. ఇంకొకటి వచ్చింది. ఆవిడ కిందకే చూస్తూ, "ఇంత మెల్లగా కూడా వస్తాయా నీళ్లు" అన్నారు. నేను ఏమీ అనలేదు. ఆ తర్వాత అరగంట మమ్మల్ని కదలనివ్వకుండా అక్కడే నిలబడ్డారు.

అక్కడినుంచి ఊళ్లోకి వచ్చి, టిఫిన్ తిని, బందరుకోట వైపు వెళ్లాం. డచ్చివాళ్ల సమాధులు ఉన్న చోటది, రాళ్ల మీద చెక్కిన కవచాల బొమ్మలు, అక్షరాలు ఇంకా స్పష్టంగా ఉన్నాయి. మూడు దేశాల వర్తకులు ఇక్కడ కొట్లు పెట్టిన సంగతి పేట పేర్లలోనే ఉంది: డచ్చివాళ్ల వలందపాలెం, ఇంగ్లీషుపాలెం, ఫ్రెంచివాళ్ల పరాసుపేట. 1864 నవంబరు 1 రాత్రి వచ్చిన ఉప్పెనలో ఇక్కడ దాదాపు ముప్పై వేలమంది పోయారు. అత్తయ్యకి ఆ సంగతి తెలియదు. చెబితే, "మాకు ముందే వీళ్లకీ వచ్చిందన్నమాట" అని ఒక రాతి మీద చెయ్యి వేసి కాసేపు కూర్చున్నారు. అరగంట పట్టే చోటు, నీడ తక్కువ, తొమ్మిదిలోపు వెళ్లండి.

సోమవారం పొద్దున్న విజయవాడ మీదుగా బస్సులో తిరిగొచ్చాం, హైవే బాగుంది, రెండు గంటల లోపే విజయవాడలో ఉన్నాం. బయల్దేరే ముందు అత్తయ్య చేపల రేవు గిలకలదిండి నుంచి వచ్చే ఎండు నెత్తళ్లు కావాలన్నారు. బజారులో చేపలమ్మే ఆవిడ దగ్గర అరకిలో తీసుకున్నాం. గుప్పెడు తీసుకుని పళ్లెంలో రాల్చి, ఇసుక పడలేదని చూసి, తలలు విరిచి చూసి, అప్పుడు ఒప్పుకున్నారు. మూడు పాలిథిన్ కవర్లు ఒకదాంట్లో ఒకటి వేసి కట్టించండి. మేం రెండే వేయించాం, సూర్యాపేట దాటేసరికి బస్సులో మా చుట్టుపక్కల అందరికీ తెలిసిపోయింది. వెనక సీటు పెద్దాయన ముందుకి వంగి, "బందరు నెత్తళ్లేనా అమ్మా? కిలో ఎంత?" అని అడిగారు.